సంగప్ప సేటు మోటారు ఏజెన్సీ

ఎదురింటి రమేశ్ మొన్న కొత్త కారు కొన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, ముందుగా పెద్దవాళ్లే ఎక్కాలని పట్టుబట్టి నన్ను లోపల కూర్చోబెట్టాడు. తలుపు మూయగానే కొత్త సీట్ల వాసన, రబ్బరు వాసన, రంగు వాసన కలిసి గుప్పుమన్నాయి. ఆ కారు ఎంత బాగా నడుస్తుందో, అవతలి కంపెనీ కారు ఎందుకు పనికిరాదో, అమ్మినవాడు చెప్పిన మాటలన్నీ రమేశ్ నాకు అప్పజెబుతున్నాడు. నాకవేవీ చెవికెక్కలేదు. ఆ వాసన అంత గట్టిగా నా ముక్కుకు తగిలింది ఇంతకుముందు ఒక్కసారే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. జహీరాబాద్ బజారులో ఒక పెద్ద అమెరికా కారు తలుపు దగ్గర నిలబడి, సాయంత్రానికి నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక చెమటలు కక్కుతున్నాను. నా పక్కన సంగప్ప సేటు తాపీగా తమలపాకుకు సున్నం రాసుకుంటున్నారు. ఆయనకు అప్పటికింకా సంగతి తెలియదు.

సంగప్ప సేటుది ఎడ్లబండ్ల ఇనుప సామాను కొట్టు. ఇరుసులు, చక్రాల చుట్టూ బిగించే ఇనుప పట్టాలు, చక్రం జారిపోకుండా ఇరుసు చివర దూర్చే సీలలు అమ్మేవారు. అప్పట్లో మా ఊరు బీదర్ జిల్లాలో ఉండేది. ఆయన పెద్దలు హుమ్నాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో కన్నడం, కొట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ మాట్లాడేవారు. కోపం వస్తే మూడు భాషలూ మానేసేవారు. కోహీర్ నుంచో రాయికోడ్ నుంచో రైతు ఇరుసు కోసం వస్తే, ఆయన ముందు రైతుతో మాట్లాడేవారు కాదు. గద్దె దిగి వీధిలోకి వెళ్లి, బండికి కట్టిన ఎడ్ల మెడలు తడిమి, డొక్కలు చూసి, అప్పుడు లోపలికి వచ్చి ఏ ఇరుసు కావాలో తానే చెప్పేవారు. ఇదేం పద్ధతి అని ఒకసారి అడిగాను. "పైసలిచ్చేది మనిషే గని, మోసేది ఎద్దు గద. ముందుగాల దాన్ని అడగాలె," అన్నారు.

నేను ఆయన దగ్గరికి వచ్చింది ఉత్తరాలు రాయడానికి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సికింద్రాబాద్ మిలిటరీ డిపోలో గుమాస్తాగా లారీ సామానుల పట్టీలు రాశాను. నా ఇంగ్లీషంతా అక్కడ అబ్బిందే. అందులో నట్లు, బోల్టులు ఎక్కువ, వ్యాకరణం తక్కువ. ప్రతి మరమేకుకూ పేరు తెలుసు, కానీ లారీ నడపడం మాట అటుంచి, దాని ముందు సీట్లో కూడా కూర్చోలేదు. యుద్ధం అయిపోయాక డిపో వాళ్లు నన్ను ఇంటికి పంపేశారు. ఊళ్లో మాత్రం నేను మోటార్ల పండితుణ్ణని పేరుపడింది. ఆ పేరును నేనెప్పుడూ ఖండించలేదు.

ఇంగ్లీషు పేపరు మాకు ఒక రోజు ఆలస్యంగా రైల్లో వచ్చేది. అందులో మోటార్ల సంగతి ఎక్కడున్నా వెతికి చదివి చెప్పమనేవారు సేటు. అమెరికాలో ట్యాంకులు చేసిన కార్ఖానాలు మళ్లీ కార్లు చేస్తున్నాయని, అక్కడి జనమే వాటికోసం పేర్లు రాయించుకొని ఎదురుచూస్తున్నారని చదివాను. ఇంగ్లండు వాళ్లు యుద్ధంలో చితికిపోయారని, సొంత జనాన్ని ఆగమని చెప్పి చిన్న కార్లన్నీ ఓడలెక్కించి బయటి దేశాలకు పంపుతున్నారని ఇంకో రోజు చదివాను. సేటు వింటూనే, "ఇంట్ల పిల్లలకు పాలు పొయ్యకుంట అంగట్ల అమ్ముకుంటున్నరన్నట్టు," అన్నారు. ప్రపంచ వ్యాపారమంతా ఆయనకు మన వారపు సంతలాగే కనిపించేది. అమెరికావాడు కుప్పపోసి కూర్చున్న ఆసామి, పిలవడు. ఇంగ్లండువాడు గంప నెత్తిన పెట్టుకొని గడప గడపకూ తిరిగేవాడు. తిరిగేవాడి సరుకు త్వరగా అమ్ముడుపోతుందని ఆయనకు తెలుసు. అయినా ఆయన మనసు కుప్ప మీదే పడింది. దొరలు ఏది కొన్నా పక్క ఊరి దొరకున్న దానికంటే పెద్దదే కొంటారని, కాబట్టి ఇక్కడ పెద్ద కారుకే గిరాకీ అని ఆయన లెక్క.

అసలు మోటార్ల మీదికి ఆయన దృష్టి మళ్లింది భయంతో. "దొరలు మోటార్లు కొంటరు, ఎనుక రైతులు గూడ కొంటరు. అప్పుడీ ఇరుసులు ఎవలు కొంటరు, నర్సింలూ?" అని ఒక పొద్దున అడిగారు. ఆ ఏడు షోలాపూరుకు ఇరుసుల కోసం రాయాల్సిన ఉత్తరం రాయవద్దన్నారు. కొట్లో సరుకు నెలనెలా తరిగిపోతూ వచ్చింది. ముప్పై ఏళ్ల వ్యాపారం ఇంకా రాని కారు మీద ఆనుకొని నిలబడింది.

ఈలోగా ఆయన బామ్మర్ది బసప్ప, బట్టల కొట్టు ఆయన, ఇంగ్లండు చిన్న కారుకు ఏజెన్సీ తెచ్చుకున్నాడు. బసప్ప అక్కను సేటు చేసుకున్నారు, సేటు చెల్లెల్ని బసప్ప చేసుకున్నాడు. బావ ఏది అంటే దానికి ఎదురు చెప్పడం బసప్పకు పెళ్లినాటి నుంచీ అలవాటు. బావ పెసలు మంచివంటే ఈయన మినుములు మంచివనేవాడు. పండక్కి ఇద్దరూ ఒకే బంతిలో కూర్చొని, ఒకరు పెట్రోలు ఖర్చు గురించి, ఒకరు సీటు వెడల్పు గురించి ఎత్తిపొడుచుకునేవారు. చివరికి సేటు భార్య నీలమ్మ, విస్తరి ముందు మోటారు మాట ఎత్తినవాళ్లకు నెయ్యి వేయనని తేల్చిచెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. ఇద్దరికీ నెయ్యి ఇష్టం.

అమెరికా కార్ల బొంబాయి ఏజెంట్లకు ఉత్తరం రాసే రోజు వచ్చింది. ఊళ్లో రోడ్లెట్లా ఉన్నాయి, మరమ్మతు చేసేవారున్నారా, కొనేవాళ్లెందరు అని వాళ్లు ముందే రాసి అడిగారు. సేటు కళ్లు మూసుకొని చెప్పడం మొదలుపెట్టారు. "పక్కా సడక్ ఒక్కటే ఉన్నదని రాయి. కడమయన్ని బండ్ల బాటలు. మరమ్మతు చేసెటోడు లేడు. పెట్రోలు రేషను చిట్టీల మీదనే దొరుకుతది. కొంటనన్నోడు ఒక్కడే, ఆయన గూడ గట్టిగ చెప్తలేడు. గని ఈడ మా మాటంటే నమ్ముతరు. ఇగ మీ ఇష్టమని రాయి."

ఇలాంటి ఉత్తరం రాస్తే బొంబాయివాళ్లు జవాబుకు తపాలా బిళ్ల ఖర్చు కూడా పెట్టరని నాకు అనిపించింది. సేటు మేలు కోరే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, నా ఇంగ్లీషు ప్రతాపం చూపించాలన్న దురద కూడా ఉంది. నాలుగు దిక్కులా పక్కా రోడ్లున్నాయని రాశాను. కారు కోసం నలభై మంది జమీందారులు నిద్రాహారాలు మాని ఎదురుచూస్తున్నారని రాశాను. విదేశంలో శిక్షణ పొందిన ఇంజనీరు నడిపే మరమ్మతు కార్ఖానా ఉందని రాశాను. ఆ ఇంజనీరు నేనే. సికింద్రాబాద్ కంటోన్మెంటు ఇంగ్లీషువాళ్లదే కాబట్టి దాన్ని విదేశం కింద కట్టాను. సేటుకు ఇంగ్లీషు రాదు. కింద కొట్టు ముద్ర భద్రంగా వేసి, ఆరేదాకా ఊది నాకిచ్చారు.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ఏజెన్సీ ఇస్తామని, కారు చూపించడానికి మా మనిషిని పంపుతున్నామని. చదివి చెప్పగానే సేటు మొహం వెలిగిపోయింది. "సూసినవా, ఉన్నదున్నట్టు రాస్తే పని అయితది," అన్నారు. ఆ మాట ఆ వారమంతా బజారులో కనపడిన ప్రతివాడికీ చెప్పారు. చెప్పిన ప్రతిసారీ నావైపు చేయి చూపించి, రాసినోడు వీడే అనేవారు.

తొలి వానలు పడ్డాక, షోలాపూరు సడక్ మీదుగా ఆ కారు వచ్చింది. ముదురు ఆకుపచ్చ రంగు. మా కొట్టు ముందు ఆగితే ఇటు మా కొట్టూ అటు పక్క కిరాణా కొట్టూ రెండూ మూసుకుపోయాయి. నడుపుకొచ్చినాయన రుస్తుంజీ అనే పార్సీ పెద్దమనిషి, సన్నగా, దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాడు. బసప్ప తన కొట్టు మెట్ల మీద నిలబడి, అంత పెద్దది తిప్పుకోవాలంటే రాయికోడ్ దాకా పోయి రావాలని జనానికి చెబుతున్నాడు. రుస్తుంజీ నీళ్లు తాగి, తోలు సంచిలోంచి నా ఉత్తరం తీసి, కార్ఖానా ఎక్కడ అని హిందుస్తానీలో అడిగాడు. నేను కమ్మరి కొలిమి వైపు చేయెత్తి, మళ్లీ దించేశాను. సేటుకు అర్థం కాలేదు. అప్పుడు రుస్తుంజీ ఉత్తరం మొదటి నుంచి ఒక్కో వాక్యం హిందుస్తానీలో చెప్పుకొచ్చాడు. నా అబద్ధాలు ఉర్దూ మాటల్లో మరింత దర్జాగా వినిపించాయి.

సేటు చివరిదాకా విన్నారు. నలభై మంది జమీందారుల దగ్గర మాత్రం ఒకసారి నావైపు చూశారు. నేను నేలను చూశాను. ఇప్పుడాయన ఒక్క వేలు నావైపు చూపితే చాలు, తప్పు నాదైపోతుంది, ఆయన బయటపడతారు. ఆయన తమలపాకు మడిచి పక్కన పెట్టి, ముద్ర తనది కాబట్టి ఉత్తరం తనదేనని, అందులో రాసిన రోడ్లు లేవని, ఉన్న బాట ఒక్కటి చూపిస్తాను రమ్మని రుస్తుంజీతో ఉర్దూలో చెప్పారు. ఆ ఇంజనీరు ఎవరని రుస్తుంజీ అడిగితే, "ఈయనే," అని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. మోటారు ముందు సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు.

కారు కొంటానని సగం మాట ఇచ్చిన ఆ ఒక్కడు విఠల్‌రెడ్డి పటేలు. ఝరాసంగం దాటాక ఆయన ఊరు. మేం బయల్దేరడం చూసి బసప్ప కూడా తన చిన్న కారు తీసి వెంటపడ్డాడు. పటేలు మా కారు చూడబోతున్నాడంటే తనది కూడా చూడాల్సిందేనని ఆయన పంతం. ఝరాసంగం దాకా ఎలాగో పోయాం. అక్కడి నుంచి నల్లరేగడి బాట. రాత్రి వాన పడి వెలిసింది. ఊరింకా కోసు దూరం, అంటే రెండు మైళ్లు, ఉండగా మా కారు ముందుకు వంగి, ఆలోచించి, కూలబడింది. రుస్తుంజీ ఎంత తొక్కితే అంత దిగింది. వెనక బసప్ప కారు తేలికది కదా, పక్క నుంచి చులాగ్గా దాటుకొని ముందుకు పోయింది. బసప్ప కిటికీలోంచి చేయి ఊపాడు. చేయి ఇంకా బయట ఉండగానే ఆ కారు పొట్ట బాట నడుమ దిబ్బకు ఆనుకొని, చక్రాలు గాలిలో తిరగసాగాయి.

ఇంజనీరువి గదా, దిగి చూడమన్నాడు రుస్తుంజీ. దిగాను. మోకాళ్లదాకా బురదలో నిలబడి, కనిపించిన ప్రతి భాగానికీ ఇంగ్లీషు పేరు చెప్పాను. కారు కదల్లేదు. చివరికి పటేలు జీతగాళ్లు రెండు జతల ఎడ్లను తోలుకొచ్చారు. ఒక జత పెద్ద కారుకు, ఒక జత చిన్న కారుకు కట్టారు. మళ్లీ దిగబడతాయేమోనని ఊరిదాకా ఎడ్లను విప్పలేదు. అమెరికా, ఇంగ్లండు ఒకదాని వెనక ఒకటి ఎడ్ల తోకలు చూసుకుంటూ ఊళ్లోకి ప్రవేశించాయి. రుస్తుంజీ బూట్లు తడవకుండా లోపలే కూర్చున్నాడు. పటేలు అరుగు మీద నిలబడి, ఈ మోటార్లు ఎన్ని ఎడ్ల మీద నడుస్తాయని మర్యాదగా అడిగాడు.

అందరికీ మజ్జిగ ఇచ్చాక పటేలు సేటును సూటిగా అడిగాడు. "సంగప్పా, మా నాయన కాలం సంది ఇరుసులు నీ తాననే కొంటున్నం. ఏ బండి కొనమంటవో నువ్వే చెప్పు." సేటు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "పటేలా, ఈ బాటకు నా బండి పనికిరాదు. బరువెక్కువ. ఎద్దు కుడితి తాగినట్టు పెట్రోలు తాగుతది. కొనాలంటే మా బామ్మర్ది బండి కొనున్రి. గది గూడ ఎండకాలమే."

బసప్ప గ్లాసు దించాడు. బావ నోటి నుంచి అలాంటి మాట ఆయన జన్మలో వినలేదు. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాడో, ఎదురు చెప్పే అలవాటే ముందుకు తోసిందో, "మా బావ మాట ఇనకున్రి పటేలా," అని అందుకున్నాడు. "నా బండి సన్నది. మీరు కూసుంటే మోకాళ్లు గదుమకొస్తయి. పెద్ద బండే మీకు మంచిగుంటది." సేటు, లేదు చిన్నదే మంచిదన్నారు. బసప్ప, పెద్దదే మంచిదన్నాడు. గొంతులు లేచాయి. పటేలు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏందయా ఇది, ఒకల సరుకు ఒకలు అమ్ముతున్నరు," అన్నాడు. రుస్తుంజీ ఏమైందని నన్నడిగాడు. చెప్పాను. ఆయనకు మజ్జిగ పొలమారి, టోపీ కిందపడింది. ముప్పై ఊళ్లు తిరిగినా ఇలాంటి ఏజెంట్లను చూడలేదన్నాడు. అప్పటికి గానీ బసప్పకు తానేం చేశాడో తెలియలేదు.

ఆ నవ్వుల్లో నేను తలెత్తి చూసేసరికి సేటు అరుగు మీద లేరు. వాకిట్లో ఎడ్ల దగ్గర ఉన్నారు. పెద్ద కారును లాగిన జత డొక్క మీద చేయి వేసి నిలబడ్డారు. నన్ను పిలిచి, "ఇటు జూడు. ఎడ్లు రొప్పుతలేవు," అన్నారు. నాకు అందులో వింత కనిపించలేదు. ఆయన ఓపికగా చెప్పారు. బురదలోంచి బయటికి లాగేదాకే కష్టపడ్డాయట. గట్టి నేల ఎక్కాక, మనుషులతో సహా అంత ఇనుమును కోసు దూరం లాగినా నోట నురగ లేదు. అందులో సగం బరువు మన బండిలో వేస్తే ఈపాటికి కూలబడేవట. తర్వాత సేటు, అంతటి పెద్దమనిషి, విభూతి పెట్టుకున్న నుదురు నేలకు ఆనేలా వంగి, కారు కింద చక్రం మధ్యలోకి చూశారు. లోపలేముంటుందని అడిగారు. డిపోలో రాసిన పట్టీలు గుర్తుచేసుకొని, గోళీల్లాంటి ఉక్కు గుండ్లుంటాయని, వాటి మీద చక్రం తిరుగుతుందని చెప్పాను. ఆ రోజంతటిలో నేను చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే.

తిరుగు దారిలో సేటు రుస్తుంజీని కార్ల గురించి అడగలేదు. చక్రాల గురించి అడిగారు. మిలిటరీవాళ్లు వేలం వేసిన విరిగిన లారీలు బొంబాయిలో గుట్టలుగా పడి ఉన్నాయని, ఇంజన్ల కోసం కొట్టుకుంటారు గానీ వాటి ఇరుసులను, రబ్బరు చక్రాలను అడిగేవాడు లేడని ఆయన చెప్పాడు. సేటు తనకు అవే కావాలన్నారు. కారుకు ఏజెంటుగా రాసిన కాగితం అక్కడే వెనక్కి ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున నేను బట్టల సంచి సర్దుకొనే కొట్టుకు వెళ్లాను. క్షమించమని చెప్పి వెళ్లిపోదామని. సేటు సంచి వైపు చూసి, ఏ ఊరికి పోతున్నావని అడిగారు. సంచి గోడవారన పెట్టాను. కూర్చొని కాగితం తీయమన్నారు. ఆనాడు తాను చెప్పిన ఉత్తరం, ఒక్క మాట పోకుండా, ఇప్పుడు ఇంగ్లీషులో రాయమన్నారు. ఇంక దాని అవసరమేముందని అడిగాను. "నువ్వు రాసింది బొంబాయిల ఉన్నది గద. ఇది గూడ ఆడికి పోవాలె," అన్నారు. ఒక్క సడక్, బండ్ల బాటలు, మరమ్మతు లేదు, గట్టిగా చెప్పని ఒక్క పటేలు, అన్నీ రాశాను. కిందనే, మొదటి ఉత్తరం నా కల్పన అని కూడా రాశాను. రుస్తుంజీ నుంచి చిన్న జవాబు వచ్చింది. నలభై మంది జమీందారులు తమకు ప్రతి ఊరి నుంచీ వస్తుంటారని, ఇలాంటి ఉత్తరం రావడం మాత్రం ఇదే మొదలని, ముందే ఇది వచ్చి ఉంటే కారు అంత దూరం తేకుండా నేరుగా చక్రాలే పంపేవాడినని.

లారీ ఇరుసులు రైల్లో దిగాయి. కమ్మరి, వడ్రంగి, నేను కలిసి వాటిని ఎడ్లబండ్లకు అమర్చాం. మొదటి టైరు బండి విఠల్‌రెడ్డి పటేలే కొన్నాడు. ఎండాకాలం వచ్చాక బసప్ప దగ్గర చిన్న కారు కూడా ఆయనే కొన్నాడు. వానాకాలంలో అది దిగబడితే లాగేది మా బండి ఎడ్లే. రెండేళ్లలో కోహీర్, రాయికోడ్ సంతలకు ధాన్యం మా బండ్ల మీదే వచ్చేది. నీలమ్మ మోటారు మాట మీద పెట్టిన ఆంక్ష ఎత్తేసింది. బావా బామ్మర్దులు అప్పటికే ఎరువుల గురించి పోట్లాడుకుంటున్నారు.

సేటు నన్ను తీసేయలేదు గానీ, నన్ను పూర్తిగా నమ్మనూ లేదు. ఇంగ్లీషులో 'లేదు' అన్న మాట ఎలా ఉంటుందో రాసి చూపించమన్నారు. ఎన్, ఓ, టీ అని మూడు అక్షరాలు రాశాను. వాటి రూపం కంఠస్థం చేసుకున్నట్టు మనసులో పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఏ ఉత్తరం తెచ్చినా, ముద్ర వేసే ముందు వేలితో వరసలు తడుముతూ ఆ మూడు అక్షరాల కోసం వెతికేవారు. దొరక్కపోతే కాగితం వెనక్కి తోసేవారు. "అన్నీ ఉన్నయంటే ఎవడు నమ్ముతడు? ఏం లేదో గది గూడ రాయి." సరుకు ఇంకా రాలేదనో, ఆ కొలత చక్రం మా దగ్గర లేదనో, ఏదో ఒకటి చేర్చి మళ్లీ తెచ్చేవాణ్ణి. తర్వాత నేను సొంతంగా ట్రాక్టరు సామాను కొట్టు పెట్టాను. ముప్పై ఏళ్లు నడిపాను. పంపిన ప్రతి ఉత్తరంలో ఆ మాట వెతుక్కున్నాకే సంతకం పెట్టాను. కొన్ని బేరాలు అలా పోయాయి కూడా.

ఇప్పుడీ నాలుగు మాటలూ రాసి మళ్లీ చదువుకుంటుంటే, వేలు దానంతటదే వరసల మీదికి వెళ్తోంది. అందుకని ఏం లేదో అది కూడా రాస్తున్నాను. సంగప్ప సేటు జీవితంలో ఒక్క మోటారు కారు కూడా అమ్మలేదు. ఆయన ఫోటో ఎవరి దగ్గరా లేదు. ఆయన నా తరఫున మోసిన ఆ అబద్ధానికి నేను ఆయన ఎదుట క్షమాపణ చెప్పుకోనే లేదు.